పత్తికట్టె బ్రికెట్లతో 48 ఫ్లాట్లకి వేడినీళ్ళు: మా మొదటి ఏడాది

మా అపార్ట్‌మెంట్‌లో 48 ఫ్లాట్లు. ఎవరింట్లోనూ గీజర్ లేదు, అందరికీ కలిపి కింద ఒక గ్యాస్ బాయిలర్, పక్కనే ట్యాంకు, అక్కణ్ణుంచి అన్ని అంతస్తులూ తిరిగొచ్చే పైపులు. ఆ గ్యాస్ బాయిలర్‌ని స్టాండ్‌బైకి నెట్టి, పంట కోశాక మిగిలే కట్టె, పొట్టుని గట్టిగా నొక్కి దిమ్మల్లా చేసిన బ్రికెట్లు కాల్చే బాయిలర్ పెట్టుకుని ఒక చలికాలం దాటాం. మొదలుపెట్టే ముందు నేను ఎంత వెతికినా దొరికినవి అమ్మేవాళ్ళ బ్రోచర్లు, లేదంటే పర్యావరణం మీద ఉపన్యాసాలు. రోజూ తెల్లవారుజామున దాన్ని వెలిగించి, బూడిద ఎత్తి, పై ఫ్లాట్లవాళ్ళ చేత మాటలు పడినవాళ్ళు రాసింది ఒక్కటీ కనబడలేదు. కమిటీలో ఈ పని నా నెత్తిన పడింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

విషయం ఫిబ్రవరిలో జనరల్ బాడీ మీటింగ్‌లో లేచింది. అప్పటికి గ్యాస్ బిల్లు మా మెయింటెనెన్సులో దాదాపు సగం తినేస్తోంది. ఒక డెయిరీలో పని చేసే సభ్యుడు, మా దగ్గర డబ్బాలు కడగడానికి నీళ్ళన్నీ బ్రికెట్ల మీదే కాస్తారు, మనమెందుకు చేయకూడదు అన్నారు. సగం మంది నవ్వారు, ఇంత డబ్బు పోసి ఫ్లాట్లు కొనుక్కుని కట్టెల పొయ్యి పెట్టుకుంటామా అని. పొగ సంగతేంటి, నిప్పంటుకుంటే ఎవరు బాధ్యత, లారీ ఎక్కడ ఆగుతుంది, బూడిద ఎవరు ఎత్తుతారు అని ప్రశ్నల వాన. మూడో అంతస్తులో ఆస్తమా ఉన్న పెద్దావిడ ఒకరు లేచి, "బాబూ, పొగ వస్తే ముందు పోయేది నేనే, గుర్తుపెట్టుకో" అన్నారు. అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. చివరికి పైసా ఖర్చు పెట్టకుండా ముందు చూసి రండి అన్న తీర్మానం అయింది.

మార్చిలో నడుస్తున్న బాయిలర్లు చూడటానికి వెళ్ళాం. అమ్మే కంపెనీవాళ్ళు పదకొండు గంటలకి రమ్మన్నారు. డెయిరీ ఆయన మాత్రం, ఆ టైముకి వెళ్తే అన్నీ బాగానే ఉంటాయి, వెలిగించే టైముకి వెళ్ళండి అన్నారు. ఆ సలహా మాకు ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఒక హాస్టల్‌కి తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళి నిలబడితే మొదటి పావుగంట తెల్లటి పొగ దట్టంగా వచ్చింది, కొలిమి వేడెక్కాక పలచబడి ఆ తర్వాత ఏమీ కనబడలేదు. అంటే గొడవంతా వెలిగించేటప్పుడే, రోజుకి ఎన్నిసార్లు ఆర్పి వెలిగిస్తే అన్నిసార్లు పొగ. అక్కడి మేనేజర్ అంతా బ్రహ్మాండం అన్నారు. బాయిలర్ దగ్గర నిలబడే మనిషిని పక్కకి పిలిచి అడిగితే, "సార్, మిషను మంచిదే, సరుకే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, తడి సరుకు వచ్చిన రోజు నా బతుకు కుక్క బతుకే" అన్నాడు. తర్వాత మాకు ఎదురైన తలనొప్పుల్లో ముప్పాతిక వంతు ఆ ఒక్క మాటలో ఉంది.

ఏప్రిల్ అంతా కొలతలకే పోయింది. అంతకుముందు మాకు వేడినీళ్ళు ఎంత వాడుతున్నామో ఎవరికీ తెలియదు, గ్యాస్ బిల్లు తప్ప. ట్యాంకులోకి పోయే చన్నీళ్ళ పైపుకి చిన్న మీటరు బిగించి గంట గంటకీ రాయించాం. సగటున ఫ్లాటుకి రోజుకి 150 లీటర్లు, అందులో సగానికి పైగా ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపే. ఇంకో వింత బయటపడింది. అర్ధరాత్రి దాటాక ఎవరూ కుళాయి తిప్పకపోయినా గ్యాస్ బాయిలర్ మాత్రం వెలుగుతూ ఆరుతూనే ఉంది. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు రావాలని పైపుల్లో నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ తిప్పుతాం కదా, ఆ తిరుగుడులో, ఇన్సులేషన్ ఊడిపోయిన పైపుల మీదుగా వేడి పోతోంది. లెక్క వేస్తే మొత్తం వేడిలో పావు వంతు దాకా అలా గోడలకే ధారపోస్తున్నాం. ముందు ఆ పైపులకి మళ్ళీ ఇన్సులేషన్ చుట్టించాం, రాత్రి పంపు ఆగేలా టైమర్ పెట్టాం. ఇంకా కొత్త బాయిలర్ ఊసే లేదు, మరుసటి నెల గ్యాస్ బిల్లు కళ్ళకి కనబడేంత తగ్గింది. ఇది ఎవరైనా రేపే చేసుకోవచ్చు, బ్రికెట్లతో సంబంధం లేదు.

ఇక సైజు లెక్క. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలోకేలరీ. 48 ఫ్లాట్లు, 150 లీటర్లు, చలికాలంలో 35 డిగ్రీలు పెంచాలి, అంటే రోజుకి సుమారు రెండున్నర లక్షల కిలోకేలరీలు. పైపుల్లో పోయేది కలిపితే మూడు లక్షల పైచిలుకు. గంటకి 60,000 కిలోకేలరీలు ఇచ్చే బాయిలర్ ఐదారు గంటలు నడిస్తే సరిపోతుంది, కాకపోతే ఆ వేడిని దాచుకోవడానికి పెద్ద ట్యాంకు కావాలి. కొటేషన్ ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది దీనికి రెట్టింపు బాయిలర్ రాశారు, "రేపు అవసరమైతే ఉంటుంది సార్" అని. పెద్ద బాయిలర్ అయితే నీళ్ళు తొందరగా కాగిపోతాయి, తర్వాత గాలి తగ్గించి మంటని అణిచిపెట్టాలి, అణిచిన మంట సరిగ్గా కాలదు, పొగ, తారు, మసి అన్నీ దాన్నుంచే. మేము చిన్న బాయిలర్, 5000 లీటర్ల ట్యాంకు తీసుకున్నాం. ట్యాంకులో నీళ్ళు 60 నుంచి 80 డిగ్రీలకి చేరితే లక్ష కిలోకేలరీలు నిలవ ఉన్నట్టు, ఉదయం రద్దీ దాటడానికి అది చాలు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకుండా గట్టిగా నిలబడినందుకు ఇవాళ్టికీ సంతోషంగా ఉంది.

ఏ సరుకు కాల్చాలన్నది ఇంకో పంచాయతీ. విడి ఊక చవక, అది వాడమని ఒక కంపెనీ ఒకటే పోరు. ఊక ఘనమీటరుకి ఓ వంద కిలోలు మించి తూగదు, మా అవసరానికి పక్షం రోజుల నిలవ పెట్టాలంటే పెద్ద గది నిండా ఊకే. పైగా ఊకలో ఐదో వంతు దాకా బూడిదే. బ్రికెట్లయితే అదే గదిలో చాలా రెట్లు ఎక్కువ పడతాయి. పత్తికట్టె, వేరుశనగ పొట్టు కలిపి నొక్కిన 90 మిల్లీమీటర్ల బ్రికెట్లు ఎంచుకున్నాం. వాటిలో జిగురేమీ కలపరు, నొక్కేటప్పుడు పుట్టే వేడికి కట్టెలో ఉండే లిగ్నిన్ మెత్తబడి అదే పట్టుకుంటుంది. వినడానికి బాగానే ఉంది, నీళ్ళు తగిలితే ఏమవుతుందో మాకు నవంబరులో అర్థమైంది.

మే నెలలో అనుమతులకి కాగితాలు పెట్టాం. అడిగినవి ప్రధానంగా పొగగొట్టం ఎత్తు, పొగని గిరగిరా తిప్పి అందులోని ధూళి పట్టే సైక్లోన్ అనే పరికరం వివరాలు, ఇంధనం గది భవనానికి ఎంత దూరం, లారీ, ఫైరింజన్ తిరిగే దారి. ఏ కాగితం కూడా కష్టమైనది కాదు, ఒకచోట అడిగింది ఇంకోచోట అడిగినదానికి అడ్డం రావడమే కష్టం. ఫైర్ వాళ్ళు గది దూరంగా జరపమన్నారు, జరిపితే పార్కింగ్ రెండు పోతాయి, పార్కింగ్ పోయేవాళ్ళు సంతకం పెట్టనన్నారు. రెండు నెలల పైనే తిరిగాను. ఇవన్నీ అయ్యాక, మేము అసలు ఊహించని చోట బండి ఆగింది. ఇన్సూరెన్స్. భవనం పాలసీలో ఘన ఇంధనం నిలవ గురించి చెప్పకుండా పెడితే రేపు ఏ కారణంగా నిప్పంటుకున్నా క్లెయిమ్ చెల్లదన్నారు. వాళ్ళ మనిషి వచ్చి చూసి, పొగ అలారం, గది పైన నీళ్ళ పైపు, ఇనప తలుపు రాసి వెళ్ళాడు, ప్రీమియం కూడా కొంచెం పెరిగింది. మీరెవరైనా మొదలుపెడితే ముందు వీళ్ళ దగ్గరికే వెళ్ళండి, మిగతా డిజైనంతా దాన్నిబట్టి మారుతుంది.

ఆర్డర్ ఇచ్చింది జులైలో. ఆరు వారాల్లో పంపిస్తామన్న బాయిలర్ మూడు నెలలు దాటినా రాలేదు. ఈలోపు పునాది అయిపోయింది, షెడ్డు అయిపోయింది, చందా కట్టినవాళ్ళు లిఫ్టులో కనబడితే చాలు "ఏమైందండీ మన బాయిలర్" అని ఒకటే అడగడం. నేను కొన్నాళ్ళు మెట్లమీదుగా దిగాను, అబద్ధం ఎందుకు. డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్తాను. బాయిలర్ ఖరీదు మొత్తం ఖర్చులో సగం కూడా కాలేదు. ట్యాంకు, పొగగొట్టం, సైక్లోన్, షెడ్డు, కరెంటు పని, పైపులు కలిపి దానికంటే ఎక్కువ. కొటేషన్లలో "క్లయింట్ స్కోప్", అంటే కొనేవాళ్ళే చేయించుకోవాల్సిన పని, అని కింద చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం ఒకటుంటుంది, ఆ వాక్యం ధర దాదాపు ఇంకో బాయిలర్ ధర.

అక్టోబరు మూడో వారంలో బాయిలర్ దిగింది. వెంటనే వెలిగించనివ్వలేదు. లోపలి ఇటుక, సిమెంటులో తేమ మెల్లగా పోవాలట, రెండు రోజులు చిన్న మంటతోనే ఉంచారు, తొందరపడితే పగుళ్ళిస్తుందన్నారు. మూడో రోజు పూర్తి మంట. ఆ రోజు ఇంజినీరు చేసిన ఒక పరీక్ష నేను మరిచిపోలేను. నీళ్ళు 78 డిగ్రీల దగ్గర ఉండగా, "ఇప్పుడు మెయిన్ ఆపుతాను, భయపడకండి" అని కరెంటు తీసేశాడు. పంపు ఆగింది, ఫ్యాన్ ఆగింది, మంట మాత్రం ఆగదు కదా. గ్యాస్ అయితే వాల్వు మూసుకుంటుంది, లోపల ఎర్రగా కాలుతున్న బ్రికెట్లకి కరెంటు పోయిందని తెలియదు. 85, 90, 93... పైపులు దబదబమని కొట్టుకోవడం మొదలైంది, 96 దగ్గర పైనున్న ఓపెన్ ట్యాంకులోకి ఆవిరి, నీళ్ళు తన్నుకొచ్చాయి. చుట్టూ నిలబడి ఫోటోలు తీస్తున్నవాళ్ళు ఒక్కసారిగా గేటు దాకా పరుగు. ఆయన నింపాదిగా, "ఇందుకే పైన తెరిచి పెట్టింది, ఇది మూసి ఉంటే మనం ఇలా మాట్లాడుకోం" అన్నాడు. ఆ సాయంత్రమే పంపుకి విడిగా ఒక ఇన్వర్టర్, బ్యాటరీ మంజూరైంది. కమిటీలో ఇంత త్వరగా పాసైన ఖర్చు ఇంకోటి లేదు.

వేడి ఎంత ఉంచాలన్నదాని మీద కూడా గొడవే. ఆదా కోసం ట్యాంకు 45 దగ్గర పెట్టమన్నారు కొందరు. గోరువెచ్చటి నిలవ నీళ్ళలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ట్యాంకు 60కి తగ్గకూడదు. మాది ఉదయానికి 80 దాకా ఉంటుంది, అది నేరుగా కుళాయిలో వస్తే పిల్లల చేతులు కాలిపోతాయి. ట్యాంకు దాటాక వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపే మిక్సింగ్ వాల్వు ఒకటి పెట్టి ఫ్లాట్లకి 60 మించకుండా పంపుతున్నాం, చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో బాత్రూమ్ దగ్గర ఇంకో చిన్న వాల్వు పెట్టించాం. ఇంకో మిక్సింగ్ వాల్వు బాయిలర్ వెనక ఉంటుంది. బాయిలర్‌లోకి తిరిగొచ్చే నీళ్ళు మరీ చల్లగా ఉంటే పొగలోని తేమ లోపలి రేకుల మీద నీరుగా దిగి ఇనుముని తినేస్తుందట, 55 దాటాకే లోపలికి వదులుతుంది ఇది. కంపెనీవాళ్ళు ఇది అక్కర్లేదని తీసేసి కొటేషన్ తగ్గించబోయారు, డెయిరీ ఆయన పట్టుబట్టి పెట్టించారు.

నవంబరు. మొదటి నెల లోడు పొడిగా, గట్టిగా, విరిస్తే టక్కున విరిగేలా వచ్చింది, నీళ్ళు సలసలా కాగాయి, అందరూ మెచ్చుకున్నారు. రెండో లోడు వాన పడుతుండగా చిరిగిన టార్పాలిన్ కింద వచ్చింది. పైన రెండు వరసలు ఉబ్బి, చేత్తో పట్టుకుంటే రంపపు పొట్టులా రాలిపోయాయి. డ్రైవరు దించేసి వెళ్ళిపోతానంటాడు, సరఫరా చేసే ఆయన ఫోన్‌లో "లోపల బాగానే ఉంటుంది సార్, ఎండలో ఆరేసుకోండి" అంటాడు. టన్నుల సరుకు అపార్ట్‌మెంట్ ముందు ఆరేసుకోవడం! ఆ వారమంతా నరకం. పిండిలా రాలిన సరుకు మంట మీద పరుచుకుని ఊపిరాడనివ్వదు, కొంత కాలకుండానే కిందకి రాలిపోతుంది, బయటికి పసుప్పచ్చ పొగ. పెద్దావిడ కిటికీలు మూసుకుని కూర్చున్నారని తెలిసి నేనే గ్యాస్ బాయిలర్ ఆన్ చేయమన్నాను, మిగతా లోడంతా అయ్యేదాకా రెండూ కలిపి నడిపాం.

అప్పుడు కూర్చుని లెక్క చూస్తే అసలు తిరకాసు తెలిసింది. మనం కొనేది బరువు. బరువులో నీళ్ళు కూడా ఉంటాయి. పూర్తిగా ఎండిన కిలో సరుకులో 4200 కిలోకేలరీలు ఉన్నాయనుకోండి, 8 శాతం తేమతో ఉంటే చేతికొచ్చేది 3800, 18 శాతం ఉంటే 3300 చిల్లర. తేమ ఉన్నంత మేర సరుకు తగ్గడమే కాదు, ఆ నీళ్ళని ఆవిరి చేయడానికి కూడా మన సరుకే కాలుతుంది. అంటే ఎనిమిది లోడ్లు కొంటే అందులో ఒకటి నీళ్ళకే. కొలవడం కష్టమేమీ కాదు. లోడులో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి కొంచెం కొంచెం తీసి, పొడిచేసి, తూకం వేసి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు ఇంక తగ్గనంతవరకు ఉంచి మళ్ళీ తూస్తే చాలు. తగ్గినదంతా నీళ్ళే. గుచ్చి చూసే మీటర్లు కూడా దొరుకుతాయి గానీ బ్రికెట్ల మీద అవి అంత నమ్మకంగా చెప్పవు. డిసెంబరులో ఒప్పందం మార్చాం. 10 శాతం తేమకి ఒక ధర, దానికి మించితే ఆ మేరకి బరువు కోత, 15 దాటితే లారీ వెనక్కి. మొదట కుదరదన్న ఆయనే రెండు వారాల తర్వాత సరేనన్నారు. ఆ ఒక్క కాగితం వల్ల జరిగిన మార్పు ఏ మెకానిక్ వల్లా జరగలేదు, ఇప్పుడు టార్పాలిన్లు కొత్తవి వస్తున్నాయి.

మధ్యలో వరిగడ్డి బ్రికెట్లు చవగ్గా వస్తున్నాయని ఒక చిన్న లోడు తెప్పించాం. రెండో రోజుకే బూడిద గడ్డకట్టి మంట కింద ఉండే ఇనప జల్లెడకి గాజులా అతుక్కుపోయింది, గునపంతో కొడితే గానీ రాలేదు. గడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ, ఆ బూడిద తక్కువ వేడికే కరుగుతుంది, క్లోరిన్ వల్ల పైపులు కూడా తుప్పు పడతాయి. డెన్మార్క్‌లో ఊళ్ళకి ఊళ్ళు గోధుమ గడ్డితో వేడి చేసుకుంటారు, వాళ్ళయినా పసుపు గడ్డి కంటే వానకి తడిసి, ఆ ఉప్పులు కడిగేసుకుని, మళ్ళీ ఎండి బూడిదరంగుకి తిరిగిన గడ్డినే మెచ్చుకుంటారు. గడ్డికి తగ్గ బాయిలర్లు వేరే ఉన్నాయి, మాది అది కాదు.

జనవరిలో కొత్త ఫిర్యాదు. ఆరేసిన బట్టల మీద నల్లటి నలుసులు. పొగ కంటికి కనబడటం లేదు, సరుకు పొడిగానే ఉంది, మరి ఇది ఎక్కణ్ణుంచి? కంపెనీ మెకానిక్ వచ్చేసరికి పది రోజులు పట్టింది, వచ్చాక చూసిన పది నిమిషాల్లో తేల్చేశాడు. సైక్లోన్ అడుగున బూడిద డబ్బా మూత బిగుతుగా లేదు. లోపల పీల్చే గాలి ఉంటుంది కాబట్టి ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరి, కింద పడ్డ ధూళిని మళ్ళీ పైకెత్తి పొగగొట్టంలోకి పంపేస్తోంది. ఒక రబ్బరు ప్యాకింగ్‌తో పోయింది. ఆ పది రోజులూ వాట్సాప్ గ్రూపులో నేను తిన్న తిట్లకి మాత్రం ప్యాకింగ్ లేదు.

బూడిద గురించి రెండు మాటలు. మా రకం బ్రికెట్లకి రోజుకి ఆరేడు కిలోలు, అది పెద్ద లెక్క కాదు. కాకపోతే చల్లారిందనుకున్న బూడిదలో రెండో రోజు కూడా నిప్పు ఉంటుంది, ఇనప డ్రమ్ములు, ఇనప మూతలు తప్ప ఇంకేదీ పనికిరాదు. దగ్గర్లో నర్సరీ ఆయన పట్టుకెళ్తున్నాడు. ఊక బూడిద అయితే అంత సులువు కాదు, అదంతా ఎక్కువ భాగం సిలికా, పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇంధనం గదిలో దిగేముందు తలుపు తెరిచి కాసేపు గాలి ఆడనివ్వమని మా ఆపరేటరుకి మొదటి రోజే చెప్పారు. నిలవ ఉన్న కట్టె, పొట్టు మెల్లగా కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, మూసిన గదిలో అది ప్రాణం తీసేంత చేరవచ్చు, వాసన కూడా రాదు. అలారం పెట్టాం. అది ఇంతవరకు మోగలేదు, నెలకోసారి బటన్ నొక్కి చూస్తున్నాం.

ఆ ఆపరేటరు గురించి చెప్పకపోతే ఇదంతా అబద్ధమే అవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చి వెలిగిస్తాడు, వారానికోసారి ట్యూబులకి బ్రష్ కొడతాడు. పొగగొట్టం మొదట్లో ఉన్న థర్మామీటరు మామూలుగా 180 దగ్గర ఉంటుంది, 230కి చేరిందంటే లోపల మసి పేరుకుని వేడి నీళ్ళలోకి కాకుండా ఆకాశంలోకి పోతోందని. "సార్, అది ఎక్కువ చూపిస్తే నన్ను అడగండి, తక్కువ ఉంటే నన్ను నిద్రపోనివ్వండి" అంటాడు. అతనికి జ్వరం వచ్చిన మూడు రోజులు వాచ్‌మన్ చేతికిచ్చి చూశాం, ఒక పూట పొగ, ఒక పూట చన్నీళ్ళు. ఇప్పుడు ఇద్దరికి నేర్పించి ఇద్దరికీ డబ్బులిస్తున్నాం. బ్రోచర్లలో ఆదా లెక్కల్లో మనిషి జీతం ఉండదు, చూసుకోండి.

మార్చిలో లెక్కలు తీశాం. గ్యాస్ వాడకం పదో వంతుకి పడిపోయింది. అందుకు బదులు బ్రికెట్లు, ఇద్దరి జీతాలు, ఫ్యాన్ కరెంటు, పెరిగిన ప్రీమియం, ప్యాకింగులు. అన్నీ పోగా పాత ఖర్చులో మూడో వంతు మిగిలింది. రెండేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుందన్న కంపెనీ మాట మా లెక్కలో ఐదేళ్ళ దగ్గర తేలుతోంది. కొందరికి ఇది నిరుత్సాహంగా ఉంది, నాకైతే సరిపోయింది. నన్నడిగితే 30 ఫ్లాట్ల లోపు ఉన్నచోట ఇది పెట్టొద్దు, 20 ఫ్లాట్లున్నా 100 ఉన్నా మనిషి జీతం అదే కదా. కింద స్థలం లేనిచోట, లారీ తిరగని వీధిలో అసలే వద్దు.

మూడో అంతస్తు పెద్దావిడకి తడి సరుకు వచ్చిన ఆ వారం తప్ప ఇబ్బంది కాలేదట, ఆమే చెప్పారు. కానీ వెలిగించేటప్పుడు వచ్చే ఆ పావుగంట పొగకి ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోలేదు. దానికోసం కొలిమి వేడెక్కేదాకా చిన్న గ్యాస్ బర్నర్ పెట్టించాలని చూస్తున్నాం, కొటేషన్ రావాలి. తలుపు చుట్టూ ఉండే తాడు సీలు కూడా అరిగింది, రెండూ కలిపి వచ్చే చలికాలం లోపు చేయించాలి. పత్తికట్టె కోత అయ్యాకే దొరుకుతుంది, ఆ తర్వాత ధర ఎక్కుతూ పోతుంది, కాబట్టి ఈసారి మూడు నెలల సరుకు ముందే కొని బ్రికెట్ల ఆయన షెడ్డులోనే దాయించుకుందామని అనుకుంటున్నాం, అడ్వాన్సు ఎంతివ్వాలన్న దగ్గర బేరం నడుస్తోంది.